నూకాలు సబ్బు బిళ్ళ, గవర్రాజు తరుగు

బుల్లీ, దిండు సర్దుకున్నావా? కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ముందే చెప్తున్నా, ఈ కథలో ఇటుక సబ్బు ముందొస్తుందా, ముక్క సబ్బు ముందొస్తుందా అని ఈ మధ్య నాకే తడబాటుగా ఉంటోంది. వరస తప్పితే తప్పిందని చెప్పు, సర్దుకుంటాను. ఇది కోపం కథ. మధ్యలో నవ్వొస్తే నవ్వుకో, కానీ కోపం కథే.

అనగనగా, ఇళ్ళకంటే కొబ్బరిచెట్లే ఎక్కువున్న ఒక ఊళ్ళో నూకాలు అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు. ఇంట్లో తనూ, తన అత్త పోలమ్మా, ఇద్దరే. పెరట్లో పదకొండు కొబ్బరిచెట్లు. వాళ్ళ అన్నం, ఉప్పు, దీపంలోకి కిరసనాయిలు, అన్నీ ఆ పదకొండు చెట్ల మీదే.

నూకాలు మంచిదే. కాకపోతే కోపం జాస్తి. కోపం వస్తే ముందు ముక్కు ఎర్రబడేది. ఆ తర్వాత చెవులు వేడెక్కేవి. ఆ తర్వాత కొంగు తీసి బొడ్లో దోపేది. కొంగు బొడ్లోకి వెళ్ళిందంటే వీధిలో కోళ్ళు కూడా పక్కకి తప్పుకునేవి.

ఆ ఊళ్ళో కొబ్బరి కొనేవాడు ఒక్కడే, గవర్రాజు. రైలు గేటు దగ్గర పెద్ద కొట్టు, కొట్టు ముందు మనిషంత తక్కెడ. ఎండు కొబ్బరి పట్టుకెళ్తే తూచేవాడు. తూచి, "పదికి ఒకటి తరుగు" అనేవాడు. తరుగంటే ఏమిటో తెలుసా? కొబ్బరిలో ఇంకా తడి ఉంది, నా కొట్లో ఎండి బరువు తగ్గుతుంది, ఆ తగ్గేదేదో ఇప్పుడే తీసేస్తాను అని. పది కిలోలు తెస్తే తొమ్మిదికే డబ్బులు.

ఒక ఎండాకాలం నూకాలు తన కొబ్బరిని ఇరవై రోజులు ఎండబెట్టింది. చిప్ప విరిస్తే ఫట్‌మని చప్పుడు రావాలి, అలా ఎండబెట్టింది. నెత్తిన పెట్టుకుని కొట్టుకి తీసుకెళ్ళింది. గవర్రాజు తూచాడు. ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలాడు. నములుతూనే, "పదికి ఒకటి తరుగు" అన్నాడు.

"గవర్రాజు బాబూ, ఇందులో తడెక్కడుంది? ఎముకలా ఉంది చూడండి" అంది నూకాలు.

"తరుగు తరుగేనమ్మా. నీకొక రూలు, ఊరికొక రూలా?"

నూకాలు ముక్కు ఎర్రబడింది. చెవులు వేడెక్కాయి. కొంగు బొడ్లో దోపింది. బస్తా మళ్ళీ నెత్తికెత్తుకుని, ఒక్క ముక్క కూడా అమ్మకుండా ఇంటికొచ్చేసింది.

"ఒలే, బియ్యం నిండుకున్నాయి. కొబ్బరి తింటామేటే?" అంది పోలమ్మ.

"సబ్బు చేస్తానత్తా" అంది నూకాలు.

ఎందుకలా అందంటే, అంతకు ముందు సంవత్సరం గ్రామసేవిక ఒకావిడ వచ్చి, కొబ్బరి నూనెతో సబ్బు చెయ్యడం ఊళ్ళో ఆడవాళ్ళందరికీ నేర్పి వెళ్ళింది. అందరూ నేర్చుకున్నారు. అందరూ మర్చిపోయారు. నూకాలు మర్చిపోలేదు. మర్చిపోకుండా ఉండడం ఎంత గొప్పో నీకిప్పుడు తెలియదులే.

అప్పుడు కొబ్బరి గానుగకిచ్చి నూనె ఆడించింది. మట్టి బానలో నీళ్ళు పోసి కాస్టిక్ సోడా కలిపింది. అది నువ్వు ముట్టుకోకూడదు, చెయ్యి కాలిపోతుంది. నూకాలు కూడా పొడుగాటి కర్రతోనే కలిపింది. ఆ తర్వాత నూనె పోసి, జావలా చిక్కబడేదాకా తిప్పింది. చిక్కబడ్డాక పాత బల్ల సొరుగు ఒకటుంటే అందులో పోసింది. మర్నాటికి గట్టిపడింది. తీగతో కోస్తే వెన్నలా తెగింది.

కొయ్యడం వచ్చింది సరే. ఎంతెంత కొయ్యాలి? ఎంతకి అమ్మాలి? గ్రామసేవిక అది చెప్పలేదు. మన నూకాలు కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

మొదటిసారి పెద్దగా కోసింది. "తక్కువిచ్చిందన్న మాట రాకూడదు. గవర్రాజులాగా నన్నెవరూ అనుకోకూడదు" అనుకుంది. ఒక్కో బిళ్ళ ఇటుకంత. ధర మూడు రూపాయలు. పట్టుకుని శుక్రవారం సంతకి వెళ్ళింది.

సంతలో ఆమెకి చోటిచ్చింది కూర్మయ్య. సంత పన్ను వసూలు చేసేది ఆయనే, ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పేదీ ఆయనే. ఎండు చేపలమ్మే అచ్చియ్యమ్మ పక్కన చూపించాడు.

"సబ్బు పక్కన చేపలు, చేపల పక్కన సబ్బు. కొన్నవాళ్ళు కంపులో పడాలో వాసనలో పడాలో తేల్చుకోలేక చచ్చిపోతారు" అంది అచ్చియ్యమ్మ. పెద్ద చేతులు, పెద్ద గొంతు, ఇంకా పెద్ద నవ్వు ఆమెవి.

జనం వచ్చారు. బిళ్ళ ఎత్తారు, వాసన చూశారు, దింపేశారు. ఒకామె, "ఇది ఒంటికా, గోడకా?" అంది. ఇంకొకామె, "నా రోజు కూలి మూడు రూపాయలు. ఒక పూట పస్తుండి స్నానం చెయ్యమంటావా?" అంది. మూడో ఆమె బిళ్ళని రెండు చేతుల్తో పట్టుకుంది, జారింది, కాలి మీద పడింది. ఆమె ఏమందో నీకు చెప్పకూడదు.

సాయంత్రానికి ఒక్కటీ అమ్ముడుపోలేదు. నూకాలు ముక్కు ఎర్రబడింది. చెవులు వేడెక్కాయి. కొంగు బొడ్లో దోపి ఇటుకలన్నీ ఇంటికి మోసుకొచ్చింది.

ఆ తర్వాత రెండోసారి. ఈసారి కొత్తగా చేసి చిన్నచిన్నగా కోసింది. చింతపిక్క అంత కాదు గానీ, నిమ్మకాయలో సగమంత. ధర పావలా. పావలా అయితే ఎవరి దగ్గరైనా ఉంటుంది కదా!

ఉన్నాయి. ఎగబడి కొన్నారు. మధ్యాహ్నానికి బుట్ట ఖాళీ. నూకాలుకి సంతోషం పట్టలేదు. ఇంటికెళ్ళి మళ్ళీ చేసింది, మర్నాడే కోసింది, తడి ఆరకుండానే మళ్ళీ సంతకి పట్టుకొచ్చింది. సబ్బు కోశాక నీడలో నలభై రోజులు ఆరాలని గ్రామసేవిక చెప్పే ఉంది. నూకాలుకి గుర్తుంది కూడా. గుర్తుండి కూడా తొందరపడింది. ఇంట్లో బియ్యం లేవు మరి.

వారం తిరక్కుండా జనం వచ్చేశారు. "నీ సబ్బు రాత్రి పళ్ళెంలో పెడితే తెల్లారేసరికి జావ అయిపోయింది" అని ఒకామె. "మూడు స్నానాలకి మాయమైంది" అని ఇంకొకామె. "నా మొగుడు నెయ్యి అనుకుని వేలు పెట్టి నాకాడు" అని మూడో ఆమె. అచ్చియ్యమ్మ నవ్వి నవ్వి చేపల బుట్టలో పడింది.

నూకాలు నవ్వలేదు. ఈసారి కోపం తన మీద తనకే. ఇంటికొచ్చి ఇటుక సబ్బులన్నీ ముక్కలు చేసి, జావ సబ్బు కొన్న ప్రతి ఇంటికీ వెళ్ళి తలొక ముక్కా ఇచ్చి వచ్చింది. ఇటుకలు అప్పటికి బాగా ఆరి రాయిలా ఉన్నాయి. అవి మాత్రం చాలా రోజులొచ్చాయి. "ఇలాంటిదే చెయ్యి, చేతిలో పట్టేలా చెయ్యి" అన్నారు అందరూ.

అప్పుడు నూకాలు కూర్చుని ఆలోచించింది. గవర్రాజు కొట్లో అమ్మే పట్నం సబ్బు మీద 'వంద గ్రాములు' అని రాసి ఉంటుంది. నేనూ వందే చేస్తాను. ధర రూపాయి పెడతాను. ఎవరూ వేలెత్తి చూపించలేరు. ఇదీ ఆమె ఆలోచన.

అచ్చియ్యమ్మ దగ్గర చేపల తక్కెడ అరువు తెచ్చింది. "నీ సబ్బు చేపల కంపు కొడితే నన్ననకు" అంది అచ్చియ్యమ్మ. కోసిన ప్రతి బిళ్ళనీ కోసిన రోజే తూచింది. వంద గ్రాముల రాయికి ముల్లు నిలబడితేనే పక్కన పెట్టింది. ఎక్కువైతే గీకింది, తక్కువైతే అమ్మకూడని పోగులో వేసింది. ఆ తర్వాత అన్నిటినీ వెదురు తట్టల్లో పేర్చి నీడలో ఆరబెట్టింది. ఈసారి నలభై రోజులూ ఆగుతానని అత్త తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టింది.

"నీ ఒట్లకి నా తలే దొరికిందా?" అంది పోలమ్మ.

ఆరబెట్టిన ఐదో రోజున గొడుగేసుకుని గవర్రాజు వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. ఒక బిళ్ళ తీసి అరచేతిలో ఎగరేసి పట్టుకున్నాడు.

"సబ్బు బాగుందమ్మా నూకాలూ. మొత్తం నాకిచ్చెయ్. పచ్చిగా ఉన్నప్పుడే ఇచ్చెయ్, నలభై రోజులు కూర్చోవడమెందుకు? రంగు కాగితం చుట్టి నేనమ్ముకుంటాను. బిళ్ళెంతుండాలో, ధరెంతుండాలో నేను చూసుకుంటాను. నీకెందుకా బెంగ? కాకపోతే పచ్చిది కదా, వందకి పదిహేను తరుగు తీస్తాను."

తరుగన్న మాట చెవిన పడిందో లేదో, నూకాలు ముక్కు ఎర్రబడింది. చెవులు వేడెక్కాయి. కొంగు బొడ్లోకి వెళ్ళింది.

"కొబ్బరికి తీశావు చాలదా? నా సబ్బు నా చేత్తో అమ్ముకుంటాను. గొడుగు తీసుకుని వెళ్ళు."

చూశావా, ఇంతకు ముందు 'బాబూ' అనేది. ఇప్పుడు అనలేదు.

గవర్రాజు లేచాడు. గొడుగు దులిపాడు. "సరేనమ్మా. సంతలో చూద్దాం" అన్నాడు. పోలమ్మ గుమ్మంలో కూర్చుని వడియాలకి గుమ్మడికాయ తరుగుతోంది. ఆమె తలెత్తి వాడివంక ఒకసారి చూసింది. మళ్ళీ కాయ తరుక్కుంది.

ఇక్కడే బుల్లీ, నూకాలు ఒక పొరపాటు చేసింది. కోపంలో తరుగన్న మాట విన్నది గానీ, వాడెందుకన్నాడో ఆలోచించలేదు. వాడు చెప్పిన దాంట్లో ఒక నిజం ఉంది. అది వదిలేసి కోపం ఒక్కటే దాచుకుంది.

నలభై రోజులు గడిచాయి. ఆరు శుక్రవారాలు సంతలో నూకాలు చోటు ఖాళీగా ఉంది. ఏడో శుక్రవారం బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. బిళ్ళలు తెల్లగా, గట్టిగా, అంచులు పదునుగా ఉన్నాయి. ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమన్నాయి.

"వంద గ్రాముల బిళ్ళ, రూపాయి! వంద గ్రాముల బిళ్ళ, రూపాయి!" అని అరిచింది. పొద్దున్న పదింటికల్లా ముప్పై ఒక్క బిళ్ళలు అమ్ముడుపోయాయి.

అప్పుడు గవర్రాజు వచ్చాడు. చేతిలో చిన్న తక్కెడ. వెనకాల పది మంది జనం.

"ఏమ్మా, ఎన్ని గ్రాములన్నావు?"

"వంద."

బుట్టలోంచి ఒక బిళ్ళ తీసి తక్కెడలో పెట్టాడు. రెండో పక్క వంద గ్రాముల రాయి పెట్టాడు. రాయి కిందికి దిగిపోయింది. బిళ్ళ పైకి లేచిపోయింది. రాయి తీసి చిన్న రాళ్ళు వేశాడు. ఎనభై ఆరు.

ఇంకో బిళ్ళ. ఎనభై ఐదు. మూడో బిళ్ళ. ఎనభై ఆరు.

జనం తక్కెడ చుట్టూ మూగారు.

"తూకం దొంగ!" అన్నాడు గవర్రాజు. గట్టిగా కూడా అనలేదు. మామూలుగా, కొబ్బరి ధర చెప్పినట్టు చెప్పాడు. "నన్ను ఇంట్లోంచి వెళ్ళగొట్టింది. ఎందుకో ఇప్పుడు తెలిసిందా? బిళ్ళకి పధ్నాలుగు గ్రాములు కొట్టేస్తోంది."

నూకాలు తక్కెడ మీదికి వంగి చూసింది. తను తూచింది. తన చేత్తో తూచింది, ఒక్కొక్కటే. ముల్లు నిలబడింది. ఇప్పుడు నిలబడలేదు. పొద్దున్న నవ్వుతూ రూపాయిచ్చిన వాళ్ళు ఇప్పుడు ఆమె మొహం వంక చూడడం లేదు. ఆమె బుట్ట వంక చూస్తున్నారు, దొంగ సొత్తు వంక చూసినట్టు.

కూర్మయ్య గొంతు సవరించుకున్నాడు. "నూకాలూ, వచ్చే శుక్రవారం దాకా ఆగుతాను. ఈ సంగతేదో తేల్చు. తేల్చలేకపోతే ఈ చోటు ఇంకొకరికిచ్చేస్తాను. దొంగ తూకమన్న మాట పడ్డాక సంతలో కూర్చోనివ్వను, నా అక్కనైనా కూర్చోనివ్వను."

నూకాలు ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. బుట్ట గిరాటేసింది. అన్నం ముట్టలేదు. పెరట్లోకి వెళ్ళి కొబ్బరికాయలు వలవడం మొదలుపెట్టింది. వలిచినవే మళ్ళీ వలిచింది. ముక్కు ఎర్రగానే ఉంది. చెవులు వేడిగానే ఉన్నాయి. కొంగు బొడ్లోంచి తియ్యలేదు.

ఏడుపొచ్చే కోపం ఒకటుంటుంది బుల్లీ. చెయ్యని దొంగతనం అంటగడితే వస్తుంది. అది చాలా చెడ్డ కోపం. నీకెప్పుడూ రాకూడదు. నువ్వు ఇంకొకరికి తెప్పించకూడదు.

ఆ సాయంత్రం పోలమ్మ డాబా మీంచి వడియాల గుడ్డ దింపింది. గుమ్మడి వడియాలు. పెట్టినప్పుడు ఒక్కోటి నిమ్మకాయంత ఉండేది. ఇప్పుడు కుంకుడుకాయల్లా ముడుచుకుపోయాయి.

"ఒలే నూకాలూ, ఇలారా. ఈ వడియాలెవరు దొంగిలించారే?"

"ఎవరూ దొంగిలించలేదు. అక్కడే ఉన్నాయిగా."

"గుడ్డనిండా పెట్టాను. ఇప్పుడు దోసెడున్నాయి. ఎవడో తినేసుంటాడు."

"అత్తా, నీకేమైనా మతిపోయిందా? ఎండితే తగ్గవా?"

అనేసి నూకాలు ఆగిపోయింది. చేతిలో కొబ్బరికాయ అలాగే ఉండిపోయింది.

పోలమ్మ ఒక వడియం నోట్లో వేసుకుని కొరికింది. "ఆ గొడుగోడు ఐదో రోజునే చెప్పాడు కదే. వందకి పదిహేను అన్నాడు. నువ్వు కోపంతో వినలేదు. నేను కోపం లేకుండా విన్నాను. ముసలిదాన్ని కదా, కోపానికి ఓపిక లేదు."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెప్తే వింటావేటి? కొంగు బొడ్లో ఉందాయె!"

నూకాలు అక్కడే కూలబడింది. కోపం పోయిందనుకుంటున్నావా? పోలేదు. రెట్టింపైంది. వాడికి తెలుసు! సబ్బు ఆరితే తగ్గుతుందని వాడికి ముందే తెలుసు. తెలిసి, తను కొనేటప్పుడు ఆ తగ్గేది నా లెక్కలోంచి తీసేస్తానన్నాడు. తెలిసి, నేనమ్మేటప్పుడు అదే తగ్గింది చూపించి దొంగన్నాడు. కొనేటప్పుడు ఒక మాట, అమ్మేవాళ్ళ మీద ఇంకో మాట!

కానీ ఈసారి నూకాలు అరవలేదు. లేచి మొహం కడుక్కుంది. అన్నం తింది. కోపాన్ని శుక్రవారం దాకా, దీపంలో వత్తి తగ్గించినట్టు, తగ్గించి పెట్టుకుంది.

శుక్రవారం వచ్చింది. సంతలో ఆ రోజు ఎప్పుడూ లేనంత జనం. గవర్రాజు తక్కెడ ముందే తెచ్చి పెట్టుకున్నాడు. కూర్మయ్య నిలబడ్డాడు. నూకాలు రెండు బుట్టలతో వచ్చింది. వెనకాల కర్ర పోటేసుకుంటూ పోలమ్మ.

నూకాలు ముందు జనం వైపు తిరిగింది.

"పోయిన వారం నా దగ్గర ముప్పై ఒక్కమంది బిళ్ళలు కొన్నారు. వంద గ్రాములని చెప్పాను. అవి వంద లేవు. తప్పు నాదే. కోసిన రోజున తూచాను, ఆరాక తూచలేదు. ఎవరెవరు కొన్నారో నేను రాసుకోలేదు, కానీ మీ మొహాలు నాకు గుర్తున్నాయి. రండి, తలా ఒక ముక్క తీసుకెళ్ళండి. తగ్గినదానికంటే ఎక్కువే ఉంటుంది."

ఒక బుట్ట తెరిచింది. ఒక్కొక్కరినీ వేలు చూపించి పిలిచింది. "నువ్వు, పచ్చ చీర కట్టుకొచ్చావు. నువ్వు, చంకలో పిల్లాడున్నాడు. నువ్వు, రూపాయి చిల్లర పైసల్లో ఇచ్చావు." ముప్పై ఒక్కమందినీ పిలిచింది. ఒక్కరినీ మర్చిపోలేదు.

గవర్రాజు నవ్వాడు. "ఒప్పుకుంది చూశారా? దొంగే ఒప్పుకున్నాక ఇంకేముంది?"

అప్పుడు నూకాలు వాడివైపు తిరిగింది. ముక్కు ఎర్రబడింది. చెవులు వేడెక్కాయి. నెమ్మదిగా, జనమంతా చూస్తుండగా, కొంగు తీసి బొడ్లో దోపింది.

"తప్పు ఒప్పుకున్నాను. దొంగతనం ఒప్పుకోలేదు. ఇప్పుడు తూకం నేను వేస్తాను. చూడు."

రెండో బుట్టలోంచి రెండు బిళ్ళలు తీసింది. రెండూ అదే సొరుగులో వేర్వేరు రోజుల్లో పోసి, ఒకే కొలతకి కోసినవి. ఒకటి ఆ పొద్దున్నే కోసింది, ఇంకొకటి నలభై రోజుల నాటిది. తక్కెడలో చెరో పక్కా పెట్టింది. పచ్చి బిళ్ళ కిందికి దిగింది. ఎండు బిళ్ళ పైకి లేచింది.

"అత్తా, నీ వడియాలు ఎండితే తగ్గుతాయా?"

"దోసెడవుతాయి" అంది పోలమ్మ.

"అచ్చియ్యమ్మా, కిలో పచ్చి చేప ఎండబెడితే ఎంతవుద్ది?"

"పావుకిలో మీద కొంచెం. నన్ను దొంగన్నవాడెవడైనా ఉంటే రమ్మను. నోట్లో ఉప్పు కొట్టి వాడినీ ఎండబెడతాను" అంది అచ్చియ్యమ్మ. జనం గొల్లుమన్నారు.

"గవర్రాజూ" అంది నూకాలు. "మరి కొబ్బరి ఎండితే?"

గవర్రాజు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"చెప్పవేం? కొబ్బరి ఎండితే ఏమవుతుంది? రోజుకి పదిసార్లు చెప్పే మాటేగా? ఇవాళ నోరెండిపోయిందా?"

జనంలోంచి ఒక ముసలి రైతు అరిచాడు. "తరుగు! పదికి ఒకటి!"

"తరుగు!" అని ఇంకొకరు. "తరుగు!" అని వెనకాల నుంచి మరొకరు. ఆ మాట సంతంతా పాకింది. ఆ సంతలో తరుగుకి నష్టపోని ఇల్లు ఒక్కటీ లేదు మరి.

"తడి కొబ్బరికి తరుగు తీశావు. ఎముకలా ఎండిన నా కొబ్బరికీ తీస్తానన్నావు. నా ఇంటికొచ్చి, నా అరుగు మీద కూర్చుని, పచ్చి సబ్బుకి వందకి పదిహేను తీస్తానన్నావు. మా అత్త వింది. సబ్బు ఆరితే తగ్గుతుందని నాకు తెలియదు. నీకు తెలుసు. తెలిసి నన్ను దొంగన్నావు. నీకు లాభమొచ్చేటప్పుడు అది తరుగు. నా బుట్టలో ఉంటే దొంగతనం. అంతేనా?"

నూకాలు పచ్చి బిళ్ళ తీసి గవర్రాజు ముందు పెట్టింది.

"వ్యాపారమన్నాక..." అని గవర్రాజు ఏదో అనబోయాడు.

అప్పుడు ఆ ముసలి రైతు లేచాడు. గవర్రాజుకి అమ్ముదామని తెచ్చిన కొబ్బరి బస్తా నెత్తికెత్తుకున్నాడు. "నేను పక్కూరి గానుగకే ఇచ్చుకుంటాను" అని నడిచాడు. ఆయన వెనకాల ఇంకొకడు. ఆ వెనకాల ఇద్దరు ఆడవాళ్ళు. గవర్రాజు తక్కెడ ముందు జాగా ఖాళీ అయిపోయింది.

గవర్రాజు కూర్మయ్య వంక చూశాడు. కూర్మయ్య ఆకాశం వంక చూశాడు.

"సరే, సరే. విరిస్తే చప్పుడొచ్చే కొబ్బరికి తరుగు తియ్యను. వెనక్కి రమ్మను వాళ్ళని" అన్నాడు గవర్రాజు.

"అందరి ముందూ అన్నావు. కూర్మయ్య విన్నాడు" అంది నూకాలు.

"విన్నాను" అన్నాడు కూర్మయ్య. ఆ తర్వాత నూకాలు వైపు తిరిగి, "నీ చోటు నీదే. కూర్చో" అన్నాడు.

నూకాలు కూర్చోలేదు. "నన్ను దొంగన్నాడు. ఆ మాట?"

గవర్రాజు నేల చూస్తూ, "పొరపాటున అన్నాను" అని గొణిగాడు.

"పొరపాటున కాదు. కావాలనే అన్నావు. నేను మర్చిపోను" అంది నూకాలు. అప్పుడు కూర్చుంది.

ఇంక అందరూ నవ్వుకుంటూ కలిసిపోయారని చెప్పమంటావా? కలవలేదు. నూకాలు బతికున్నంత కాలం గవర్రాజు కొట్టు గడప తొక్కలేదు. ఉప్పు కావాలన్నా పక్క ఊరికి నడిచేది. కోపం పోవాలని రూలేం లేదు బుల్లీ. ఆ కోపంతో ఇంకొకరికి అన్యాయం చెయ్యకుండా ఉంటే చాలు.

ఆ తర్వాత నూకాలూ, పోలమ్మా, అచ్చియ్యమ్మా, ముగ్గురూ సబ్బు సొరుగు ముందు కూర్చున్నారు. ఎంతెంత కొయ్యాలో ఈసారి చేతుల్ని అడిగారు. మట్టితో ఒక బిళ్ళ చేసింది నూకాలు. పోలమ్మ చేతికిచ్చింది. కీళ్ళు పట్టేసిన వేళ్ళు, జారిపోయింది. కాస్త మందం చేసింది. అచ్చియ్యమ్మ అరచేతికిచ్చింది. అందులో అది బఠాణీ గింజలా కనిపించింది. కాస్త పొడుగు చేసింది. అచ్చియ్యమ్మ మనవరాలు నీ అంత పిల్ల ఉంది, దాని చేతిలో పెట్టింది. అది రెండు చేతుల్తో పట్టుకుని పడిపోకుండా నిలబెట్టింది. "ఇదే" అంది నూకాలు.

కోసినప్పుడు నూట పద్దెనిమిది గ్రాములు. ఆరాక వంద. వందకి ఒకటో రెండో ఎక్కువుంటే ఉండనీ అనుకుంది.

"ఇప్పుడు నీ పేరు మోగిపోతోంది. రూపాయిన్నర పెట్టు" అంది అచ్చియ్యమ్మ.

"ముప్పావలా పెట్టు. ముప్పావలా అంటే కాదనేవాడుండడు" అంది పోలమ్మ.

"రూపాయి" అంది నూకాలు. "ఒక బిళ్ళ రెండు వారాలొస్తుంది. వారానికి అర్ధరూపాయి. కూలి డబ్బుల్లోంచి అర్ధరూపాయి తీస్తే ఎవరి కంచంలోనూ అన్నం తగ్గదు. నా నూనె ఖర్చూ వస్తుంది, మా ఇద్దరికీ బియ్యమూ వస్తాయి. అంతకంటే తగ్గిస్తే నన్ను నేను దోచుకున్నట్టు. అంతకంటే పెంచితే వాళ్ళని."

ఇంకొకటి కూడా చేసింది. కోసిన రోజున ప్రతి బిళ్ళ మీదా తన బొటనవేలు నొక్కి గుంట చేసింది. ఆ రోజు వేలు ఆ గుంటలో సరిగ్గా ఇముడుతుంది. రోజులు గడిచేకొద్దీ బిళ్ళ బిగుసుకుంటుంది, గుంటా బిగుసుకుంటుంది. నలభై రోజులకి వేలు పట్టదు. అలా పట్టకపోతేనే సంతకి తెచ్చేది. కొనడానికొచ్చిన వాళ్ళు, "ఏదీ నూకాలూ, వేలు పెట్టి చూపించు" అనేవాళ్ళు. నూకాలు వేలు పెట్టి చూపించేది. పట్టేది కాదు. అప్పుడు రూపాయిచ్చి తీసుకెళ్ళేవాళ్ళు.

ఎప్పుడైనా గవర్రాజు గొడుగేసుకుని అటుగా వెళ్తే, అచ్చియ్యమ్మ కావాలని గట్టిగా అడిగేది, "నూకాలూ, ఇందులో తరుగెంతమ్మా?" అని.

"తరుగు నేనే భరించానమ్మా. నువ్వు బిళ్ళకి మాత్రమే డబ్బులియ్యి" అనేది నూకాలు, ఇంకా గట్టిగా.

కళ్ళు మూతలు పడుతున్నాయా బుల్లీ? సరే అయితే.

కొబ్బరి గానుగకి, నూనె సబ్బుకి,
సబ్బు సంతకి, కోపం తక్కెడకి,
కథ నడిచింది కంచికి,
బుల్లి కళ్ళు నిద్దరకి,
మనం మన ఇంటికి.

వరహాలూ, చెల్లీ, బుల్లికి చెప్పినట్టే రాసి నీకు పంపుతున్నాను. ఇది మన అమ్మ మనిద్దరికీ ఒకే మంచం మీద చెప్పిన కథ. నువ్వొకసారి చదివి పేర్లు సరిచూడు. సంత పన్ను వసూలు చేసేది కూర్మయ్యా, కామయ్యా? చేపలావిడ అచ్చియ్యమ్మేనా, అప్పాయమ్మా? అత్త పోలమ్మో, పైడమ్మో కూడా నాకు అనుమానమే. తప్పయితే గీత పెట్టి పక్కన రాయి. నూకాలు పేరు మాత్రం చూడక్కర్లేదు. అది నాకు గుర్తుంది.